కాళ్ళు పెట్టని నీళ్ళు

వదిన ఇచ్చిన టీ గ్లాసును అన్నయ్య ఎడమచేత్తో అందుకున్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో ఉంది, ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయిన వస్తువులా. చెల్లెలు అది చూసింది, చూసినట్టు కనబడకుండా గోడమీది క్యాలెండరు వైపు తిరిగింది. అందులో రాబోయే సోమవారం చుట్టూ ఎర్ర సిరాతో తానే గీసిన గుండ్రం ఉంది. దాని పై వరసలో ఒకటి, ఆ పై వరసలో ఇంకొకటి, రెండూ దాటిపోయిన సోమవారాలే. మూడు గుండ్రాలు ఒకదాని కింద ఒకటి, చొక్కా గుండీల్లా.

ఆ గుండ్రాలు ఆసుపత్రివి. ఇరవై ఏళ్ళుగా బ్యాటరీల వర్క్‌షాపులో మేస్త్రిగా ఉన్న మనిషి రక్తంలో సీసం ఉండకూడనంత చేరిందనీ, మణికట్టు వాలిపోవడం అందువల్లేననీ, ముందు ఆ పని మానేసి వార్డులో చేరితే మందు ఎక్కించి కొంత బయటికి రప్పించవచ్చనీ, ఆలస్యమైతే చెయ్యి తిరిగి రాకపోవచ్చనీ డాక్టరు చెప్పాడు. పని మానకుండా మందొక్కటే వాడితే చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టేనని కూడా అన్నాడు. అన్నయ్య అన్నిటికీ తలాడించాడు. బయటికొచ్చి చెప్పులేసుకుంటూ, "డాక్టరు మంచివాడే" అన్నాడు. ఆ మంచితనం మీద ఆయన ఇంకేమీ అనలేదు, ఆసుపత్రికి మళ్ళీ వెళ్ళనూ లేదు.

దానికి బదులు వారానికి రెండుసార్లు, పని దిగాక, బజారులో ఒక గదికి వెళ్తున్నాడు. అక్కడ గోరువెచ్చని ఉప్పునీళ్ళ తొట్టిలో కాళ్ళు పెట్టుకుని అరగంట కూర్చుంటే, తొట్టిలోని యంత్రం ఒంట్లో పేరుకున్న లోహాలన్నీ అరికాళ్ళ గుండా లాగేస్తుందట. పది సిట్టింగులకు ఒళ్ళు కడిగిన ముత్యం అవుతుందట. ఏడు అయ్యాయి. ఒక్కో సిట్టింగు అయ్యాక తొట్టి నీళ్ళను ఆయన ఫోనులో ఫోటో తీసుకున్నాడు. ఇప్పుడు టీ గ్లాసు కిందపెట్టి వాటిని వరసగా చూపించాడు, పక్కవాళ్ళు పిల్లల ఫోటోలు చూపించినట్టు. బెల్లంరంగు నీళ్ళు, పైన నురగ, నురగలో నల్లటి నలుసులు.

"ఇదంతా నా ఒంట్లోదే" అన్నాడు. గొంతులో ఏదో గర్వం ఉంది.

ఆమె ఊరి నీటి పరీక్షల ప్రయోగశాలలో పనిచేస్తుంది. కుళాయిల నుంచీ బావుల నుంచీ వచ్చిన సీసాలలో ఏ లోహం ఎంత ఉందో కొలవడం ఆమె ఉద్యోగం. ఏ నమూనా కొలవాలన్నా దానితోపాటు ఏమీ కలపని ఖాళీ నమూనా ఒకటి ముందు పెట్టి తీరాలంటుంది. దాన్ని అక్కడ బ్లాంక్ అంటారు. సీసాలోనో, యాసిడ్‌లోనో, కొలిచేవాళ్ళ చేతిలోనో ఉన్న మురికి నీళ్ళ లెక్కలోకి ఎక్కకుండా చూసేది అదే. మిగతావాళ్ళు పనివేడిలో ఒక్కోసారి అది మానేస్తారు, ఈమె మాననివ్వదు. అందుకే అక్కడ ఆమెకు బ్లాంకమ్మ అని పేరు. ఎదురుగానే పిలుస్తారు. ఆమె కోపగించుకోదు.

ఫోటోలన్నీ ఓపిగ్గా చూసి ఆమె తనకు తోచింది చెప్పింది. ఉప్పునీళ్ళలో లోహపు పలకలు పెట్టి కరెంటిస్తే ఆ పలకలే కరిగి తుప్పవుతాయనీ, ఆ రంగు తుప్పుదేననీ. చెప్తున్నంతసేపూ తన గొంతు బడిపంతులమ్మ గొంతులా ఉందని తనకే వినబడుతోంది. చిన్నప్పుడు ఇంట్లో ఏం చెడినా విప్పి బాగుచేసేది అన్నయ్య, పక్కన నిలబడి స్క్రూలు పట్టుకునేది తను. ఇన్నేళ్ళకు ఆయనకు తెలియని విషయం తనకు తెలిసినందుకు లోపల ఎక్కడో చిన్న సంతోషం ఉంది. దాన్ని ఆమె గుర్తుపట్టింది, అది తనకు నచ్చలేదు.

అన్నయ్య నవ్వాడు. "బ్యాటరీ మేస్త్రికి చెప్తున్నావా తల్లీ కరెంటూ ఉప్పునీళ్ళూ? మొదటిరోజే అనుకున్నాను. రంగు సంగతి వదిలెయ్. పలక కరగనీ, తుప్పు రానీ. దాంతోపాటు నా సీసం కూడా వస్తోందా లేదా అన్నదే నాకు కావాలి. ఒళ్ళు తేలికైనట్టు నాకు తెలుస్తోంది."

చెయ్యి మాత్రం లేవడం లేదని ఆమె అనలేదు. వదిన వంటింటి గుమ్మంలోంచి అంది: ఆయనకు తేలిగ్గా ఉంది సరే, ఇంట్లో ఇంకెవరికీ తేలిగ్గా లేదు, పిల్ల కడుపునొప్పని బడి ఎగ్గొడుతోంది, ముద్ద నోట్లో పెడితే అరగంట నములుతుంది, తండ్రికి తగ్గ నాటకాలమారి. నాలుగేళ్ళ ఆ పిల్లని అందరూ పిచ్చుక అంటారు. పిచ్చుక గట్టు మీద కూర్చుని బొటనవేలు చీకుతూ, తన మీద వచ్చిన నేరాన్ని ఎవరిదో అన్నట్టు వింటోంది.

చివరికి ఒప్పందం అన్నయ్యే పెట్టాడు. ఆ నీళ్ళు చెల్లెలే కొలవాలి. వాటిలో సీసం లేదని కాగితం మీద చూపిస్తే సోమవారం పొద్దున్నే ఆసుపత్రిలో చేరతాడు, వర్క్‌షాపుకి అదే ఆఖరు. ఉందని తేలితే మాత్రం ఈ ఇంట్లో ఆసుపత్రి మాట ఎత్తకూడదు. క్యాలెండరు మీద గుండ్రాలు గీయకూడదు.

"మాట తప్పవు కదా?" అంది ఆమె.

"నువ్వు తప్పవు కదా?" అన్నాడు ఆయన.

మర్నాడు మంగళవారం సాయంత్రం ఆమె సంచిలో కడిగి ఆరబెట్టిన సీసాలు మూడు వేసుకుని ఆ గదికి వెళ్ళింది. దర్జీ కొట్టుకీ ఫోన్లు బాగుచేసే కొట్టుకీ మధ్య ఇరుకు గది. మూడు పేము కుర్చీలు, ఒక ప్లాస్టిక్ తొట్టి, మీటలున్న పెట్టె ఒకటి, దాన్నుంచి తొట్టిలోకి వైరు, వైరు చివర చుట్టలుగా చుట్టిన పలకలున్న పిడికెడంత డబ్బా. గోడమీద రంగుల పట్టిక: నీళ్ళు పసుపైతే మూత్రపిండాలు, ఆకుపచ్చైతే పిత్తం, నారింజైతే కీళ్ళు, నల్లనలుసులైతే బరువు లోహాలు. ఏ రంగు వచ్చినా ఒక అవయవం సిద్ధంగా ఉంది. రంగు రాకపోతే ఏమిటన్నది మాత్రం పట్టికలో లేదు.

గది నడిపే ఆవిడను వచ్చేవాళ్ళంతా మేడం అంటారు. ఆవిడ ఇంతకుముందు ఒక ఆసుపత్రిలో ఆయా. ఒద్దికైన మనిషి, మోచేతుల దాకా గాజుల్లేవు, గోళ్ళు కత్తిరించి ఉన్నాయి. నీళ్ళు పరీక్షకు కావాలంటే ఆవిడ తడబడలేదు.

"పట్టుకెళ్ళండమ్మా, నాకేం భయం. మంచి జరుగుతోందని నలుగురికీ తెలియాలి కదా" అంది.

అన్నయ్య ఎప్పటిలాగే వర్క్‌షాపు నుంచి తిన్నగా వచ్చాడు. చొక్కా మీదా కనుబొమల మీదా బూడిదరంగు పొడి. రబ్బరు చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి కూర్చున్నాడు. మడమలు ఎండిన చెరువులా పగిలి ఉన్నాయి, ఆ పగుళ్ళలోనూ బూడిదరంగే. మేడం తొట్టిలో నీళ్ళు పోసి, వేలు ముంచి వేడి చూసి, ఉప్పు కలిపింది. చెల్లెలు మొదటి సీసా అప్పుడే నింపుకుంది. మూత బిగించి, చీటీ అంటించి, చీటీ మీద గంట రాసింది. అన్నయ్య కాళ్ళు నీళ్ళలోకి దింపాడు. మేడం మీట నొక్కింది.

నాలుగు నిమిషాలకు పలకల చుట్టూ తేనెరంగు పొగలా లేచింది. పదిహేను నిమిషాలకు కాళ్ళు కనబడటం మానేశాయి. అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు, పెదవులు కొద్దిగా విడివడ్డాయి. అరగంటకి మేడం తొట్టి పక్కకు జరిపి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన పాదాలను ఒక్కొక్కటిగా ఒళ్ళో తువ్వాలు మీద పెట్టుకుని తుడిచింది. వేళ్ళ మధ్య కూడా, తొందరలేకుండా, బొటనవేలు నుంచి చిటికెనవేలు దాకా. అన్నయ్య కళ్ళు తెరవలేదు. చెల్లెలు రెండో సీసా పట్టుకుని నిలబడి చూస్తోంది. ఈయన ఇక్కడికి ఎందుకు వస్తున్నాడో ఆమెకు అప్పుడు కొంత అర్థమైంది. ఇక్కడ ఎవరూ ఆయన్ని చెయ్యి ఎత్తమని అడగరు. తను ఆయనకి ఎన్నో జాగ్రత్తలు చెప్పింది, ఎన్నో తేదీలు గీసింది. ఆ పాదాలను మాత్రం ఎన్నడూ ముట్టుకోలేదు.

రెండో సీసా నింపాక ఆమె అసలు కోరిక బయటపెట్టింది. తొట్టి కడిగి, కొత్త నీళ్ళు పోసి, అంతే ఉప్పు వేసి, కాళ్ళు పెట్టకుండా యంత్రం అరగంట నడపాలి.

మేడం అర్థం కానట్టు చూసింది. "కాళ్ళు లేకుండా ఎందుకమ్మా? అలా ఎవరూ అడగలేదు."

ఎవరూ అడగలేదు, ఆవిడకూ అవసరం పడలేదు. ఊరికే నడిపితే పలకలు అరిగిపోతాయని యంత్రం అమ్మినతను మొదటిరోజే హెచ్చరించాడట. అన్నయ్య నడపమన్నాడు, తనకూ చూడాలని ఉందన్నాడు. మేడం మీట నొక్కింది. ముగ్గురూ తొట్టి చుట్టూ కుర్చీలు లాక్కుని కూర్చున్నారు, పాలు పొంగుతాయేమోనని కాపలా కాసినట్టు. నాలుగు నిమిషాలకు తేనెరంగు లేచింది. పదిహేను నిమిషాలకు తొట్టి అడుగు కనబడటం మానేసింది. నురగ వచ్చింది. నల్లనలుసులూ వచ్చాయి. అరగంట కాగానే చెల్లెలు మూడో సీసా నింపుకుంది.

అన్నయ్య చెల్లెలి వైపు చూసి, చెప్పాను కదా అన్నట్టు కనుబొమలెత్తాడు. మేడం మాత్రం కళ్ళార్పకుండా నీళ్ళనే చూస్తోంది. కాసేపటికి, ఈ గదిలో పొద్దుట్నుంచీ ఎంతోమంది కూర్చుని వెళ్తారు కాబట్టి గాలిలో కూడా విషాలు ఉంటాయేమో, యంత్రం వాటిని లాగుతోందేమో అంది. అని, తన మాట తనకే ఎలా వినబడిందో చూసుకున్నట్టు ఆగింది. లేచి తొట్టి ఎత్తి, పెరటి తూములో ఒంపి వచ్చింది. పెరట్లో అవసరమైనదానికంటే ఎక్కువసేపు ఉంది.

బుధవారం ప్రయోగశాలలో సొంత నమూనాలకు వేళ భోజన విరామమే. మూడు సీసాలలోనూ యాసిడ్ చుక్కలు వేసింది, లోహం సీసా గోడకు అంటుకోకుండా. వడపోసింది. లోహాలు కొలిచే యంత్రంలోని కొలిమి వేడెక్కేదాకా చేతులు కట్టుకుని నిలబడింది. ముందు శుద్ధజలం పెట్టి సున్నా చూసుకుంది, ఆ తర్వాత ఒక్కొక్కటీ.

ఇనుము ఆమె అనుకున్నట్టే వచ్చింది. ఉప్పు కలిపిన ఉత్త నీళ్ళలో నామమాత్రం, కాళ్ళు పెట్టిన నీళ్ళలో దండిగా, కాళ్ళు పెట్టని నీళ్ళలో అంతే దండిగా. పలకల ఉక్కులో కలిసే మిగతా లోహాలు కూడా అదే వరస. ఆమె పెదవి చివర నవ్వు పుట్టింది. తర్వాత సీసం కొలిచింది. మొదటి సీసాలో లేదు. మూడో సీసాలో, కాళ్ళు పెట్టనిదానిలో, లేదు. రెండో సీసాలో ఉంది.

కొద్దిగా కాదు. ఏ బావి నీళ్ళలో అంత కనబడినా ఆ సాయంత్రానికల్లా బావికి తాళం వేయిస్తారు. ఆమె యంత్రం కడిగి మళ్ళీ కొలిచింది. అదే అంకె. మూడోసారి కొలిచింది. అదే.

ఆమె స్టూలు మీద కూర్చుంది. మొదట కలిగింది ఆశ: నిజంగానే వస్తోందా, అన్నయ్య చెయ్యి లేస్తుందా. అది క్షణం ఉంది. దాని వెనకే వచ్చింది భయం. ఇది చూపిస్తే ఆయన ఆసుపత్రికి రాడు. రేపూ వర్క్‌షాపుకి వెళ్తాడు, పాత బ్యాటరీ మూత కోస్తాడు, పలకలు పీకుతాడు, సీసం కరిగిస్తాడు, సాయంత్రం తొట్టిలో కాళ్ళు పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. కాగితం ఆమె చేతిలో ఉంది. రెండో వరసలో అంకె బదులు, ఏమీ లేదన్నట్టు, ఒక గీత గీస్తే చాలు. ఎవరూ అడగరు, ఎవరికీ నష్టం లేదు, ఒక మనిషి బాగుపడతాడు. ఇంత తేలిగ్గా తన బుద్ధి ఆ గీత దాకా నడిచి వెళ్ళడం ఆమె గమనించింది. అది తనని భయపెట్టాల్సినంత భయపెట్టకపోవడం కూడా గమనించింది.

ఫోను మోగింది. అన్నయ్య. ఏమైందని అడిగాడు. ఇంకా రాలేదని చెప్పింది. రేపా అన్నాడు. రేపో ఎల్లుండో అంది. సరే, తొందరేం లేదు అన్నాడు. తొందర ఉన్నదెవరికో ఇద్దరికీ తెలుసు.

అక్కడ అందరికంటే పెద్ద ఉద్యోగి, రిటైరవడానికి ఏడాది ఉన్న బట్టతల మనిషి, భోజనం డబ్బా మూత పెడుతూ ఆమె ముఖం చూసి వచ్చాడు. ఆమె కాగితం దాచలేదు, కథంతా చెప్పింది. ఆయన కళ్ళజోడు నుదుటికి ఎత్తి అంకెలు చదివాడు.

"యంత్రానికి బ్లాంక్ తీశావు, బాగుంది. మరి కాళ్ళకో?"

ఆమె అర్థం కాక చూసింది.

"యంత్రం ఉంది, కాళ్ళు లేవు. అదొకటి చేశావు. కాళ్ళున్నాయి, యంత్రం లేదు. అదేది? బ్యాటరీల షాపు నుంచి తిన్నగా వచ్చిన కాళ్ళంటున్నావు" అన్నాడు. నవ్వలేదు. వెళ్తూ వెళ్తూ మాత్రం, "ఏం బ్లాంకమ్మా" అన్నాడు మెల్లగా.

ఆమె చెవులు వేడెక్కాయి. పదేళ్ళలో ఒక్క ఖాళీ నమూనా మరిచిపోని మనిషి, తన సొంత అన్న కాళ్ళ దగ్గర మరిచిపోయింది. మరుపు ఊరికే రాలేదని ఆమెకు తెలుసు. ఆమెకు యంత్రం మీద కోపం ఉంది. దోషిని ముందే తేల్చుకుని సాక్ష్యం కోసం వెళ్ళినవాళ్ళకి రెండో దారి కనబడదు. పగుళ్ళలోని బూడిదరంగు కళ్ళారా చూసింది. చూసి, జాలిపడింది. అంతే.

గురువారం సాయంత్రం మళ్ళీ ఆ గదికి వెళ్తే మేడం రంగుల పట్టిక గోడమీంచి తీసి కుర్చీ వెనక పెట్టింది. ఎందుకో ఆవిడే చెప్పింది. నిన్న పొద్దున ఒక్కతే కూర్చుని ఖాళీ తొట్టి మూడుసార్లు నడిపి చూసిందట. ఒకసారి ఉప్పు లేకుండా కూడా. అమ్మినతనికి ఫోను చేస్తే ఎత్తడం లేదట.

"ఎంతమందికి చూపించానమ్మా ఈ చేత్తో, ఇదిగో మీ లివరు, ఇదిగో మీ కీళ్ళు అని" అంది. గొంతు మామూలుగానే ఉంది. తువ్వాలు మడత పెడుతోంది, మడిచినదాన్నే మళ్ళీ మడుస్తోంది.

అన్నయ్య తిన్నగా పనిలోంచి వచ్చాడు. ఇవాళ ఏం చేయాలో చెల్లెలు వివరంగా చెప్పింది, ఎందుకో చెప్పలేదు. ముందు గోరువెచ్చని ఉప్పునీళ్ళలో అరగంట, మీట నొక్కకుండా. అన్నయ్య కూర్చున్నాడు. ఇవాళ కళ్ళు మూసుకోలేదు, నీళ్ళనే చూస్తూ కూర్చున్నాడు. నీళ్ళు కాస్త మసకబారాయి, అంతకంటే ఏమీ కాలేదు. ఎంత చప్పగా ఉందో అన్నాడు, ఉప్పు వేసినా. ఆ నీళ్ళు నాలుగో సీసాలోకి వెళ్ళాయి.

తర్వాత కాళ్ళు కడగాలి. మేడం సబ్బూ బ్రష్షూ తెచ్చి, ఎవరూ చెప్పకుండానే కింద కూర్చుంది. పగుళ్ళలో, గోళ్ళ కింద, వేళ్ళ సందుల్లో తోమింది, తోమి మూడు చెంబుల నీళ్ళు పోసింది. ఎవరి మీదో కోపం ఆ బ్రష్షులో ఉంది గాని, చెయ్యి మాత్రం పాదాన్ని నొప్పించలేదు. శుభ్రమైన కాళ్ళు కొత్త నీళ్ళలోకి వెళ్ళాయి. ఈసారి మీట నొక్కారు. తేనెరంగు, బెల్లంరంగు, నురగ, నలుసులు. అది అయిదో సీసా.

శుక్రవారం మధ్యాహ్నానికి అంకెలు వచ్చాయి. యంత్రం నడవని నాలుగో సీసాలో సీసం ఉంది, మంగళవారం నాటి రెండో సీసాతో దాదాపు సమానంగా. తోమిన కాళ్ళు పెట్టి యంత్రం నడిపిన అయిదో సీసాలో లేదు. అంటే యంత్రం ఒంట్లోంచి ఏమీ లాగలేదు. నీళ్ళలో తేలింది కాళ్ళ మీది దుమ్ము. చెంబెడు నీళ్ళు చేసే పనిని ఆ పెట్టె అరగంట వెలుగుతూ తన పేర రాసుకుంది. ఆమె అయిదు అంకెలూ ఒక కాగితం మీద వరసగా రాసింది, ఏదీ దాచకుండా, రెండో సీసాది కూడా. గెలిచింది. గెలిచినట్టు ఒంటికి తెలిసింది, నడకలో తెలిసింది. బస్సులో కూర్చుని కాగితాన్ని రెండుసార్లు తీసి చూసుకుంది.

ఆమె వెళ్ళేసరికి అన్నయ్య ఇంకా రాలేదు. వదిన గిన్నెలు కడుగుతోంది. పిచ్చుక గుమ్మంలో కాపలా ఉంది. ఎందుకక్కడ నిలబడ్డావంటే, లారీ వస్తుంది అత్తా అంది. ఆమె పిల్ల జడలో ఊడిన రిబ్బను కట్టి, గోడ పక్క స్టూలు మీద కూర్చుని, సోమవారానికి సంచిలో ఏమేం సర్దాలో మనసులో జాబితా వేసుకుంది.

అన్నయ్య వచ్చాడు. చెప్పులు గడప బయట విడిచాడు. లోపలికి అడుగు పెట్టగానే పిచ్చుక రెండు చేతులూ చాచి, ఒక్క గెంతులో ఆయన పాదాల మీదికెక్కి నిలబడింది, కుడి పాదం మీద కుడి కాలు, ఎడమ మీద ఎడమ. నడుం దగ్గర చొక్కాను పిడికిళ్ళతో పట్టుకుని, ముఖం ఆయన కడుపుకు ఆనించింది. అన్నయ్య నోటితో గేరు మార్చిన చప్పుడు చేశాడు. లారీ కదిలింది. గుమ్మం నుంచి వంటింటి దాకా, వంటింటి నుంచి మంచం దాకా, మంచం చుట్టూ. ఆయన అడుగు పడిన చోటల్లా ఎర్ర గచ్చు మీద పలచటి ముద్ర పడుతోంది, బూడిదరంగుది, పక్కనుంచి వెలుగు పడితే తప్ప కనబడనిది. పిచ్చుక జారిపోబోయి చేత్తో ఆయన పాదం పట్టుకుని నిలదొక్కుకుంది, మళ్ళీ నిలబడి అదే చేతి బొటనవేలు నోట్లో పెట్టుకుంది.

స్టూలు మీద కూర్చున్న మనిషి చేతిలో కాగితం అలాగే ఉంది.

ఇది ఇవాళ మొదలైన ఆట కాదు. పిల్లకి నిలబడటం వచ్చినప్పటి నుంచీ రోజూ ఉంది. తను ఎన్నో సాయంత్రాలు ఇదే స్టూలు మీద కూర్చుని చూసి నవ్వింది. ముందు లారీ, తర్వాత టీ, ఆ తర్వాతెప్పుడో స్నానం, ఈ ఇంటి వరస అది. ఆమె లోపలి గెలుపు ఎక్కడికి పోయిందో వెతుక్కున్నా దొరకలేదు.

"వచ్చాయా?" అన్నాడు అన్నయ్య, లారీ ఆపి.

ఆమె కాగితం చాపింది. ఆయన ఎడమచేత్తో తీసుకుని చదివాడు. పిచ్చుక ఇంకా ఆయన పాదాల మీదే ఉంది, చొక్కా లాగుతోంది. రెండో వరస దగ్గర ఆయన కళ్ళు వెలిగాయి. నాలుగో వరస దగ్గర ఆగాయి.

"కరెంటు పెట్టకుండా కూడా వచ్చిందా?"

"వచ్చింది."

"తోమాక రాలేదు."

"రాలేదు. ఒంట్లోది ఒంట్లోనే ఉంది అన్నయ్యా. నీళ్ళలో దిగింది కాళ్ళ మీదిది."

ఇంకేమీ చెప్పే అవసరం కలగలేదు. ఇరవై ఏళ్ళు తీగలు వెతికి, ఎక్కడ నుంచి ఎక్కడికి కరెంటు పోతోందో చెప్పగలిగిన మనిషి. ఆయన కాగితం మీంచి తలెత్తి గడప చూశాడు, గచ్చు చూశాడు, మంచం చుట్టూ చూశాడు. చివరికి కిందికి, తన పాదాల మీదున్న చిన్న పాదాలను చూశాడు.

"అంటే ఆ తొట్టికెళ్ళిన రోజుల్లోనే" అన్నాడు మెల్లగా, "నేను ఇంటికి మంచి కాళ్ళతో వచ్చింది."

పిల్లని ఎత్తుకోబోయాడు. అలవాటుగా ముందు కుడిచెయ్యే కదిలింది, మణికట్టు వాలి పిల్ల భుజం మీంచి జారిపోయింది. కాగితం వదిలేసి ఎడమచేత్తో చంకకింద పట్టి లేపాడు. పిల్ల కిలకిలా నవ్వింది, లారీ విమానమైందనుకుంది. ఆయన పిల్లని నేల మీద దించబోయాడు, వంగినవాడు వంగినట్టే ఆగాడు. మంచం వైపు అడుగు వేయబోయాడు, తన అడుగు చూసుకుని ఆగాడు. గది మధ్యలో పిల్లని గాల్లో పట్టుకుని నిలబడ్డాడు.

"దీన్ని ఎక్కడ దించమంటావే?" అన్నాడు.

వదిన తడిచేతులతో గుమ్మంలోకి వచ్చింది. ఏం జరిగిందో చెల్లెలు నాలుగు ముక్కల్లో చెప్పింది. వదిన, నేను రోజూ ఊడుస్తూనే ఉన్నాను కదా అంది, ఎవరో తనని నిలదీసినట్టు. ఊడిస్తే లేచి మళ్ళీ పడుతుంది వదినా, తడిగుడ్డ పెట్టాలి అని చెల్లెలు చెప్పింది. కడుపునొప్పి నాటకమన్న మాట ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. వదిన పిల్లని భర్త చేతిలోంచి తీసుకుని తిన్నగా స్నానాలగదిలోకి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడు వచ్చింది, పిచ్చుక పేచీ వచ్చింది, పేచీ మీద వదిన గొంతు ఎన్నడూ లేనంత మెత్తగా వచ్చింది.

అన్నయ్య తన అడుగుల మీదే వెనక్కి నడిచి గడప దాటాడు. బయటి మెట్టు మీద కూర్చున్నాడు. చెల్లెలు బక్కెటతో నీళ్ళూ, సబ్బూ, గిన్నెలు తోమే బ్రష్షూ తెచ్చింది. ఆయన బ్రష్షు తీసుకున్నాడు, కుడిచేతిలో అది నిలవలేదు, ఎడమచేతికి పాదం అందలేదు. ఆమె ఆయన చేతిలోంచి తీసుకుని కింది మెట్టు మీద గొంతుక్కూర్చుంది. మొదట మడమ. పగుళ్ళు చేతికి ఇటుకలా తగిలాయి. తర్వాత వేళ్ళ సందులు, ఆ గదిలో మేడం తుడిచిన వరసలోనే, బొటనవేలు నుంచి చిటికెనవేలు దాకా. ఆయన పాదం మొదట బిగుసుకుంది, తర్వాత బరువంతా ఆమె చేతిలో వదిలేసింది.

ఆయన బక్కెటలోకి వంగి చూశాడు. నీళ్ళు కాస్త మసకబారాయి. రంగు లేదు, నురగంటే సబ్బుదే.

"ఇందులో ఏమీ కనబడటం లేదే" అన్నాడు.

"కనబడదు" అంది ఆమె.

ఆయన తలాడించాడు. సోమవారం దాకా ఎందుకు, రేపు ఆసుపత్రి తెరిచి ఉంటుందా అని అడిగాడు. ఉంటుందంది. పిల్లని కూడా తీసుకెళ్దాం, ముందు దాని రక్తం చూడమను, నాది తర్వాత అన్నాడు. వర్క్‌షాపు ఓనరుకి ఇప్పుడే ఫోను చేసి చెప్పేస్తానన్నాడు. ఫోను జేబులోంచి తీశాడు. తెర వెలిగితే బెల్లంరంగు నీళ్ళ ఫోటో వచ్చింది, నిన్నటిది. దాన్ని కాసేపు చూసి, తుడిచేయకుండానే ఫోను మెట్టు మీద బోర్లించాడు.

స్నానం చేయించిన పిచ్చుకని వదిన కిటికీ అరుగు మీద కూర్చోబెట్టినట్టుంది. ఊచల మధ్యనుంచి తడి జుట్టు కనబడింది.

"నాన్నా, లారీ" అంది.

"లారీ షెడ్డుకెళ్ళిందమ్మా" అన్నాడు అన్నయ్య.

ఎప్పుడొస్తుందని పిల్ల అడిగింది. చెల్లెలు లేచి తువ్వాలు కోసం లోపలికి వెళ్ళింది. ఆయన లేవబోయి కాళ్ళు బక్కెటలోంచి పైకెత్తాడు, అవి చుక్కలు చుక్కలుగా కారుతుండగా గడప వైపు, లోపల గచ్చు మీది తన బూడిదరంగు అడుగుల వైపు చూశాడు. మళ్ళీ నీళ్ళలోనే పెట్టుకున్నాడు.